పెద్ద బజారును వంకలో పోశాం

టౌన్ ప్లానింగ్ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఈ మధ్య ఫోన్ చేసి, ఏ పుస్తకాలు చదవమంటారు మేడం అని అడిగింది. రూల్సు ఎలాగూ పరీక్ష కోసం చదివే ఉంటావు, అవి చాలన్నాను. ఆ తర్వాత చెప్పాలనిపించినవి ఫోనులో చెప్పేవి కావు. అందుకని రాస్తున్నాను.

ఇందులో నా ప్రమోషన్ల సంగతి ఉండదు. ఒక పాత ఊరు నా కళ్ళ ముందే ఎలా చెడిపోయిందో ఉంటుంది. ఊరి పేరు రాయను. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఉన్న ఊళ్ళలో ఒకటనుకోండి. పేరు రాస్తే పాపం ఆ ఒక్క ఊరిదేనని మిగతా ఊళ్ళవాళ్ళు నిశ్చింతగా నిద్రపోతారు.

నేను బేస్తవారిపేట దగ్గర పల్లెలో కూలివాళ్ళ ఇంట పుట్టాను. వానలు పడిన ఏడు నాయన పొలం పనికి పోయేవాడు, పడని ఏడు పలకరాయి గనికి. మా చర్చి పాస్టరు గారి పుణ్యాన హాస్టల్లో చేరి పాలిటెక్నిక్ చదివాను. ఉద్యోగం వచ్చిందని చెబితే, ఏం పని బిడ్డా అన్నాడు నాయన. ఎవరు ఎక్కడ, ఎంతలో ఇల్లు కట్టుకోవాలో చెప్పే పని అన్నాను. "చెప్తే వింటారా?" అన్నాడు. అప్పుడు నవ్వాను.

వానలో తిప్పిన కమిషనర్

నా మొదటి కమిషనర్ మంచివాడని చెప్పను. నోరు మంచిది కాదు. అటెండర్ల చేత ఇంటికి కూరగాయలు మోయించేవాడు. సంతకానికి తీసుకెళ్ళిన ఫైలును మొహాన విసిరిన రోజులున్నాయి. కానీ ఊరంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే.

నేను చేరిన ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఒక రోజు మధ్యాహ్నం, కుండపోతగా కురుస్తుంటే, గొడుగు తీసుకొని రా అన్నాడు. జీపెక్కకుండా నడిపించాడు. పడమట నల్లమల కొండల్లోంచి దిగివచ్చే వంక ఒకటి పాత ఊరి వెనక చుట్టు తిరిగి, తూర్పున చెరువులో కలుస్తుంది. వేసవిలో అది వంకని ఎవరూ అనుకోరు. రెండు పక్కలా వెడల్పాటి బయలు, గురువారం గొర్రెల సంత, మిగతా రోజుల్లో పిల్లల క్రికెట్. ఆ రోజు బయలంతా ఎర్రటి నీళ్ళు. బయలు దాటి ఒక్క ఇంటి గడపను కూడా తాకడం లేదు. ఊరు కట్టినవాళ్ళు ఎంత వదలాలో అంతా వదిలిపెట్టారు.

"ఎండాకాలంలో చూస్తే ఇది ఖాళీ జాగా. వానలో చూస్తే నీళ్ళ దారి," అన్నాడాయన. "ఎవరైనా ఇక్కడ ప్లాను పెడితే ఎండాకాలంలో వచ్చి చూసి సంతకం పెట్టొద్దు."

అక్కడి నుంచి పెద్ద బజారుకు తీసుకెళ్ళాడు. రెండు వైపులా పాత మిద్దెలు, టేకు స్తంభాలు, వాటి ముందు పలకరాయి పరిచిన అరుగులు. వాన పడుతున్నా సరుకుల కోసం వచ్చిన జనం తడవకుండా ఒక పంచ కింది నుంచి ఇంకో పంచ కిందికి నడుస్తున్నారు. మా ప్రాంతపు ఎండలు తెలిసినవాళ్ళకు ఆ బజారు విలువ చెప్పక్కర్లేదు. సందు ఇరుకు కాబట్టి మధ్యాహ్నం దాటితే ఒక వైపు నీడ పరుచుకుంటుంది. సాయంత్రం అరుగుల మీద ముసలివాళ్ళు, తమలపాకుల గంపలు, పిల్లల చదువులు. ఏసీ అక్కర్లేని బజారు. దానికి ఏ శిలాఫలకమూ లేదు, ఏ శాఖా దాన్ని చరిత్ర కింద రాసుకోలేదు. అందుకే దాన్ని కాపాడటం కష్టమైంది.

రోడ్డు కావాలన్నది ఎవరు

కొత్త జిల్లా వస్తుందన్న మాట లేచినప్పటి నుంచి మా ఊళ్ళలో భూముల రేట్లకు రెక్కలొచ్చాయి. బయటి ఊళ్ళనుంచి కార్లు రావడం, పొలాల్లో తెల్లరాళ్ళు పాతడం మొదలైంది. ఊరు పెరగడం తప్పు కాదు. పుల్లలచెరువు వైపు పల్లెల్లో తాగడానికి నీళ్ళు లేక ఇక్కడికి చేరినవాళ్ళకు ఇళ్ళు కావాలి, ఆసుపత్రి కావాలి. వాళ్ళను ఎక్కడ పెట్టాలి, ఏది ముట్టుకోకూడదు అని ఆలోచించడమే మా ఉద్యోగం. ఆ ఆలోచనకు ఎవరూ జీతం ఇవ్వరని ఆలస్యంగా తెలిసింది.

పెద్ద బజారులో లారీలు ఇరుక్కుంటున్నాయి కాబట్టి రోడ్డు వెడల్పు చేయాలని కౌన్సిల్ తీర్మానం చేసింది. అప్పటికి కమిషనర్ మారాడు. ఈయన చాలా మర్యాదస్తుడు, మేడం గారూ అనే పిలిచేవాడు. లారీలు బజారులోకి ఎందుకొస్తున్నాయో నేను సమావేశంలో చెప్పాను. ఊరి చుట్టూ వేసిన బైపాసు చివర చిన్న ముక్క ఆగిపోయి ఉంది. ఆ ముక్క పలుకుబడి ఉన్నవాళ్ళ పొలంలో పడింది కాబట్టి ఎవరూ కదపలేదు. అది పూర్తిచేస్తే లారీలు ఊళ్ళోకి రావు, ఒక్క ఇల్లూ కొట్టక్కర్లేదు అన్నాను. కమిషనర్ చిరునవ్వుతో, మంచి సూచన, నోట్ చేసుకుందాం అన్నాడు. మన ఆఫీసుల్లో ఒక మాటను పాతిపెట్టడానికి ఇంతకంటే లోతైన గుంత లేదు.

ఆ తీర్మానం పెట్టించిన మునిసిపల్ చైర్మన్ ఒక్కడిదే తప్పని చాలాకాలం అనుకున్నాను. అది నిజం కాదు. బజారువాళ్ళే రోడ్డు అడిగారు. ఇల్లు సగం పోయినా, మిగిలిన సగం మెయిన్ రోడ్డు షాపు అవుతుందని లెక్కలు వేసుకున్నారు. వద్దన్నది ఒక్క సుబ్బరత్నమ్మ గారు.

భర్త పోయాక ఆమె బజారులోని తమ ఇంటి ముందు గదిలో చింతపండు, ఎండుమిరప వ్యాపారం చేసి కొడుకును పెంచింది. కొడుకు రమేష్ బస్టాండు దగ్గర సెల్ ఫోన్ల షాపు పెట్టాడు. నేను మార్కింగ్‌కు టేపు పట్టుకొని వెళ్ళినప్పుడు ఆమె అరుగు మీదే కూర్చుని ఉంది.

"అమ్మాయ్, లారీ కోసం నా ఇల్లు పగలగొడతారంట. లారీకి ఈ బజారులో ఏం పని? దానికేమన్నా చుట్టాలుండారా ఈడ?"

రమేష్ లోపలి నుంచి వచ్చి, "నీకేం తెల్దు, ఊరుకో అమ్మా. రోడ్డు పడిందంటే మన జాగా రేటు యాడికో పోతది," అన్నాడు. నా వైపు తిరిగి, ఆమె మాట పట్టించుకోవద్దు, మేం సంతకాలు పెట్టేసినాం అన్నాడు. ఇల్లు అతని పేరనే ఉంది.

రోడ్డు మధ్యగీత పాత సర్వే ప్రకారం తిన్నగా పోవాలి. నేను అలాగే గీశాను. మూల మీద చైర్మన్ గారి కాంప్లెక్స్ ముందు భాగం అందులో పోతుంది. నాలుగు రోజులకు బయటి కన్సల్టెంటు గీసిన కొత్త డ్రాయింగు వచ్చింది. అందులో రోడ్డు ఆ మూల దగ్గర వంగి, ఎదుటి వరుస ఇళ్ళలోకి మరింత లోతుగా వెళ్ళింది. ఆ వరుసలోదే సుబ్బరత్నమ్మ గారి ఇల్లు. ఇది తప్పని ఫైల్లో రాశాను. మీరు రాయండి, మీ బాధ్యత అది, నా బాధ్యత నిర్ణయం తీసుకోవడం అన్నాడు కమిషనర్, మర్యాదగానే.

జేసీబీ వచ్చిన రోజు ఆమె అరుగు మీది నుంచి లేవలేదు. ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆడ పోలీసులను పిలవమని నన్నడిగారు, పిలవనన్నాను. చివరికి కొడుకే చేతుల మీద ఎత్తుకొని పక్కింట్లో దింపాడు. మొదటి దెబ్బకే ముందు గది కూలింది. పలకరాళ్ళు పగిలితే వచ్చే చప్పుడు చాలా సన్నగా ఉంటుంది, పెంకులు పగిలినట్టు. ఆ రోజు సాయంత్రం దాకా అదే చప్పుడు.

ఇప్పుడక్కడ సన్నగా నిలబడిన మూడంతస్తుల షాపుంది. కింద అద్దెకిచ్చారు. సుబ్బరత్నమ్మ గారు పైన మెట్ల పక్క గదిలో ఉంటుంది. మోకాళ్ళు సహకరించక కిందికి దిగదు. బజారు వెడల్పయింది, నిజమే. వెడల్పయినంత మేరా కార్లూ బైకులూ నిలబెట్టారు. మధ్యలో మిగిలిన దారి పాతదంతే. లారీలు ఇప్పటికీ అందులోనే ఇరుక్కుంటాయి. నీడ మాత్రం లేదు. మధ్యాహ్నం పూట జనం షట్టర్ల ముందు నుంచి పరిగెత్తినట్టు పోతారు. నిలబడి మాట్లాడుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

మట్టి ఎక్కడికి పోయింది

ఇన్ని ఇళ్ళు పగలగొడితే కొండంత రాయి, మట్టి వస్తుంది. అది ఎక్కడికి పోతుందని ఎవరూ అడగరు. మీరు అడగండి. ఈ ఉద్యోగంలో నేను గట్టిగా చెప్పగలిగిన మాట ఇదొకటి.

ట్రాక్టర్లన్నీ వంక వైపు పోయాయి. నేను వెళ్ళి చూసేసరికి సంత బయలు సగం ఎత్తుకు లేచింది. స్తంభాల ముక్కలు, అరుగుల రాళ్ళు, ఎవరి ఇంటివో గూళ్ళున్న గోడలు. పైన ఎర్రమట్టి పోసి రోలరు తిప్పుతున్నారు. కొద్దిరోజులకే చైర్మన్ బావమరిది పేరున లేఅవుట్ ప్లాను నా టేబుల్ మీదికి వచ్చింది. అందులో వంక లేదు. దాని చోట మురుగు కాలువంత సన్నటి గీత, దానికి సిమెంటు పైపు.

ఇది వంక పోరంబోకు, ఇవ్వడానికి వీల్లేదని రాశాను. రెవెన్యూ వాళ్ళేమో పూర్వం వంకే గానీ ఇప్పుడు పారడం లేదని రాసిచ్చారు. వాళ్ళు వచ్చి చూసింది ఎండాకాలంలో. కమిషనర్ నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"మేడం గారూ, మీరు బజారు విషయంలోనూ అడ్డం చెప్పారు, ఇప్పుడు దీనికీ. మీకు ఊరు బాగుపడటం ఇష్టం లేదా?"

వంక దిగువన తూర్పు పాలెం ఉంది సార్, నీళ్ళు ఎటు పోతాయి అన్నాను. పైపు వేస్తున్నారు కదా అన్నాడు. మరుసటి వారం నన్ను పక్క మునిసిపాలిటీ పనికి తాత్కాలికంగా పంపారు. తిరిగొచ్చేసరికి లేఅవుట్‌కు అనుమతి అయిపోయింది. గేటు, గేటు పక్కన రంగుల బోర్డు, రోడ్ల పక్కన మొక్కలు. చాలా అందంగా ఉంది. ఆ అందం అబద్ధమని చూసేవాళ్ళకు తెలిసే దారి లేదు.

ఆదివారం

తూర్పు పాలెం క్రైస్తవుల పేట. కూలి పనివాళ్ళు, ఇళ్ళు కట్టే బేల్దారులు, కొందరు మునిసిపాలిటీ పారిశుధ్య కార్మికులు. మా కులపువాళ్ళే, మా సంఘమే కావడంతో నేనూ అక్కడి చర్చికే వెళ్ళేదాన్ని. సంఘపెద్ద ప్రభుదాసు మేస్త్రీ. అతని అక్క ఎస్తేరు. మా నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకల్లోకి దిగి ఆమె మోకాళ్ళు వంగిపోయాయి. మంచం మీదే ఉండేది. మంచం మీది నుంచే అందరి సంగతులూ కనుక్కునేది. నన్ను చూస్తే, "ఆఫీసులో ఎవురితో కొట్లాడినావు ఈ వారం?" అని అడిగేది.

లేఅవుట్ వచ్చాక మొదటి రెండేళ్ళు వానలు లేవు. చూశారా, మీరు అనవసరంగా భయపెట్టారు అన్నవాళ్ళున్నారు. మూడో ఏడు తుపాను వాన పట్టింది. ముసురు రెండు రోజులు పట్టి, ఆదివారం పొద్దున కొంచెం తెరిపిచ్చింది. అందరం చర్చిలో ఉన్నాం. చర్చి అరుగు ఎత్తు కాబట్టి మాకేమీ తెలియలేదు. వాక్యం చదువుతుండగా బయటినుంచి ఒక ఆడమనిషి కేక వినపడింది. లేఅవుట్ వైపు పైపు దగ్గర చెత్తా చెదారం అడ్డం పడి నీళ్ళు మళ్ళాయి. వంక దారి దొరక్క, లేఅవుట్ పక్కన పోసిన మట్టి కట్ట తెంచుకొని, ఒక్కసారిగా పాలెం మీద పడింది.

ప్రభుదాసు, ఇంకో ఇద్దరు నీళ్ళలోకి పరిగెత్తారు. మేం చర్చి మెట్ల మీద నిలబడి చూస్తున్నాం. నీళ్ళు రొమ్ముల దాకా ఉన్నాయి. కాసేపటికి మంచాన్ని భుజాల మీద ఎత్తుకొని వస్తూ కనిపించారు. ఎస్తేరు బతికే ఉంది. ఒళ్ళంతా బురద, పళ్ళు కొట్టుకుంటున్నాయి. మంచం తేలి గోడకు కొట్టుకుంటుంటే కిటికీ ఊచలు పట్టుకొని ఉందట. చర్చి కర్టెన్లు తీసి ఆమెకు కప్పాం.

మూడో రోజుకు ఊపిరి అందలేదు. ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ పోయింది. ఊపిరితిత్తుల జబ్బు అని రాశారు. వరద నష్టం వివరాల్లో, మా ఊళ్ళో ప్రాణనష్టం లేదని పంపారు.

నోటీసులు

విచారణకు పై అధికారులు వచ్చారు. లేఅవుట్ గేటు దగ్గర కార్లు దిగి, మ్యాపు పరిచి, అటు ఇటు చూసి వెళ్ళారు. ఏమైనా జరుగుతుందేమోనని నేను ఆశపడిన మాట నిజం. నెల తిరక్కుండా ఉత్తరువు వచ్చింది. వంక పోరంబోకులో ఆక్రమణలు తొలగించాలని. అయితే ఆక్రమణలంటే లేఅవుట్ కాదు. దానికి అనుమతి ఉంది. ఆక్రమణలంటే తూర్పు పాలెం. వాళ్ళ భద్రత కోసమే, ఊరికి దూరంగా కొండ కింద స్థలాలు ఇస్తామన్నారు. అక్కడికి బస్సు లేదు, బోరు లేదు, పనికి రావాలంటే ఆటో ఖర్చే కూలిలో సగం పోతుంది.

నోటీసులు ఇచ్చి రమ్మన్నది నన్నే. ఆలోచించే ఎంచుకున్నారు. మా వాళ్ళ చేత మా వాళ్ళకు.

ప్రభుత్వమే పట్టాలిచ్చిన పాలెం ఇళ్ళకు ఆక్రమణ నోటీసు చెల్లదని కమిషనర్‌కు రాసిచ్చి, ఇవ్వనన్నాను. ఆ మాట చెప్పడానికి పాలెం వెళ్ళాను. మెచ్చుకుంటారని కాదు గానీ, నా మాట వింటారని అనుకున్నాను. ప్రభుదాసు కూర్చోమనలేదు.

"నువ్వు ఇయ్యకపోతే ఇంకొకాయన వచ్చి ఇస్తాడు. నువ్వు రాసినావు అంటావు. ఎన్ని రాసినావో నాకు తెల్దు. మట్టి తోలేటప్పుడు ఆ ట్రాక్టర్లకు అడ్డం ఎవురన్నా నిలబడినారా? మేమూ నిలబడలే. నువ్వూ నిలబడలే. ఇప్పుడేంది ఇంక?"

మార్కాపురంలో నాకు తెలిసిన వకీలు దగ్గరికి వెళ్ళమని మాత్రం చెప్పాను. వెళ్ళారు. కోర్టు ఆపమంది. అలా పాలెం నిలబడింది. దీన్ని గెలుపు అనేవాళ్ళున్నారు. వంక మూసినట్టే ఉంది. మబ్బు పట్టినప్పుడల్లా పాలెంవాళ్ళు బియ్యం, దుప్పట్లు, ముసలివాళ్ళను చర్చిలోకి చేరుస్తారు. పని ఉన్నా ఆ రోజు పోరు. ఇళ్ళు నిలబెట్టాం గానీ, వాళ్ళ నిద్రను నిలబెట్టలేకపోయాం.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఒక మాట. ఫైల్లో నిజం రాయండి. కానీ నిజం రాస్తే పని అయిపోయిందనుకోకండి. మన రాతలు మనల్ని కాపాడతాయి, ఊరిని కాపాడవు. బజారువాళ్ళు, పాలెంవాళ్ళు ఒకరితో ఒకరు ఏనాడూ కూర్చుని మాట్లాడుకోలేదు. కూర్చోబెట్టే పని నా ఉద్యోగంలో లేదని నేనూ అనుకున్నాను, పైవాళ్ళూ అనుకున్నారు. రెండు చోట్లా ఊరిని మింగింది ఒకే నోరు.

ఎవరిని అడగాల్సింది

నేను రిటైరయ్యాక, ఈమధ్య వానల్లో, లేఅవుట్‌లోకే నీళ్ళొచ్చాయి. పైపు మళ్ళీ మూసుకుపోయి, ఎగువ వరుస ఇళ్ళ వంటగదుల్లో బురద చేరింది. ఆ వరుసలో ఉండే ఆర్టీసీ కండక్టరు శ్రీనివాసులు, అతని భార్య మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ నెమ్మదస్తులు. బ్యాంకు లోను తీసుకొని కట్టుకున్న ఇల్లు. గోడలు చెమ్మెక్కి పిల్లలకు ఆయాసం పట్టిందట. ఒక అర్జీ రాసిపెట్టమని అడిగారు.

ఏమని రాయాలన్నాను. లేఅవుట్ కింది గట్టు తెంచి, నీళ్ళు బయటికి పోయేటట్టు కాలువ తీయమని అన్నాడు. బయటికంటే ఎటు అన్నాను. పాలెం దిక్కు అన్నాడు.

అది నేను రాయలేనని చెప్పాను. వంక తెరవమని రాయండి, నేనూ సంతకం పెడతానన్నాను. వంక తెరిస్తే ముందు పోయేది వాళ్ళ వరుసే. అది ముగ్గురికీ తెలుసు.

"కొనేటప్పుడు అప్రూవ్డ్ అని బోర్డుండె మేడం. బ్యాంకోళ్ళు చూసి లోనిచ్చినారు. ఆఫీసు కాగితం ఉండె. ఇంక మేం ఎవుర్ని అడగాల్సింది?"

పాలెం వాళ్ళను అడిగి ఉండాల్సింది అన్నాను. విసుగుతోనే అన్నాను. అతను తల వంచుకున్నాడు. భార్య మాట్లాడింది.

"మేం అడగలా. వాళ్ళే వచ్చి చెప్పినారు, పునాది తీసేనాడు. అమ్మా, ఇది వంక, ఈడ కట్టుకోబాకండని. మేం ఇక్కడికి రావడం ఇష్టంలేక అట్ల చెప్తాండారని అనుకున్నాం."

కాఫీ ఇచ్చాను, తాగి వెళ్ళారు. అర్జీ వేరే ఎవరి చేతనో రాయించుకొని ఇచ్చారని తర్వాత తెలిసింది. దాని మీద పాలెం దిక్కుగా కాలువ తీయడానికి మార్కింగ్ జరుగుతోంది.